గొడ్డలి, రంపం, కటింగ్ మిషన్: ఆదోని, ఎమ్మిగనూరు మెట్టలో చెట్టు కొట్టే పని

పడమటి కర్నూలులో చెప్పుకోదగ్గ అడవి లేదు. ఆదోని చుట్టూ బండరాళ్ళ గుట్టలు, వాటి నడుమ నల్లరేగడి చేలు. ఎమ్మిగనూరు దాటి తుంగభద్ర ఒడ్డు చేరేదాకా అదే తీరు. ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల చుట్టూ కురిసే వాన, అదీ నమ్మకం లేని వాన. పత్తి, వేరుశనగ, జొన్న, కొర్ర పండే ఈ నేలలో చెట్టు అంటే గట్టు మీదో, వంక పక్కనో, ఊరి రచ్చకట్ట దగ్గరో నిలబడ్డ వేప, చింత, నల్లతుమ్మ. కలప కొట్టడం అనగానే మనకు గోదావరి మన్యం, నల్లమల, శేషాచలం గుర్తొస్తాయి. ఆదోని పేరు ఎవరికీ తట్టదు. గొడ్డలి గురించి రాసినవాళ్ళు కూడా అడవి ఉన్నచోటికే వెళ్ళి రాశారు.

ఈ పనిని చెట్లు తక్కువున్న చోటనే దగ్గరగా చూడగలం అనుకుంటాను. అడవిలో చెట్టుకు మారు చెట్టు ఉంటుంది. ఇక్కడ ప్రతి చెట్టుకూ ఒక యజమాని, ఒక వాడకం, ఒక బేరం ఉంటాయి. ఏ చెట్టు ఎప్పుడు కొట్టాలి, దేనితో కొట్టాలి, ఎటు పడేయాలి, ఏ ముక్క దేనికి పనికొస్తుంది అన్నది తెలిసిన మనుషులు ఉండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ చేతుల్లోకి, లేదా వాళ్ళ మనవళ్ళ చేతుల్లోకి పెట్రోలుతో తిరిగే గొలుసు రంపం వచ్చింది. ఊళ్ళో దాన్ని కటింగ్ మిషన్ అంటారు. చెట్టును నిమిషాల్లో కోసే శక్తి వచ్చింది గానీ, ఆ శక్తితో పాటు మిగతా దేశాల్లో నడిచి వచ్చిన రక్షణ సామాను, శిక్షణ రాలేదు. గొడ్డలితో పాటు మన దగ్గర ఉండిన తెలివిడీ చాలామటుకు జారిపోయింది. ఈ రెండు లోటుల గురించే ఈ వ్యాసం.

ముందు ఈ నేలకు కలప ఎక్కడినుంచి వచ్చేదో చూడాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలోని ఊరు. అంటే ఈ ప్రాంతానికి దగ్గరి కొండ అడవి పడమర వైపు సండూరు గుట్టలు. నల్లమల తూర్పున, కర్నూలు కూడా దాటాక, బండి మీద రోజుల తరబడి ప్రయాణం. 2022లో జిల్లాలు విడిపోయాక ఆత్మకూరు, శ్రీశైలం వైపు నల్లమల అంతా నంద్యాల జిల్లాకు పోయింది. కర్నూలు జిల్లా కాగితం మీద కూడా మెట్ట జిల్లాగానే మిగిలింది. టేకు, మద్ది, యేగి, చండ్ర లాంటి అడవి కలప ఇక్కడికి ఎప్పుడూ కొనుక్కొచ్చిన సరుకే. డబ్బున్న ఇంటి వాకిలికీ, దేవళం తలుపుకూ, రథానికీ అది. మిగిలిన పనులన్నిటికీ ఊరి చెట్టే.

ఆ మిగిలిన పనులు చిన్నవేమీ కావు. రాయలసీమ మట్టి మిద్దెకు గోడలు రాయీ మట్టీ అయినా, కప్పు మొత్తం కలప మీదే నిలబడుతుంది. అడ్డంగా దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన పుల్లలో బండలో పరిచి, చవుడు మట్టి పోసి దిమ్మిస చేస్తారు. వాన కురిసినప్పుడు తడిసిన ఆ మట్టి బరువంతా మోయాల్సింది దూలమే. అందుకే దూలానికి చెదలు తినని వేపనో, చేవ పట్టిన తుమ్మనో వెతికేవాళ్ళు. నల్లరేగడిలో పాతుకుపోయిన గడ్డిని పెకిలించడానికి నాలుగైదు జతల ఎద్దులు లాగే పెద్ద మడక కావాలి. అంత లాగుడుకు తట్టుకునే మొద్దు తుమ్మ చెట్టు మొదట్లోనే దొరుకుతుంది. బండి చక్రానికి, గొర్రుకు, గుంటకకు, కాడికి కూడా తుమ్మే. నూనె గానుగకు, రోకలికి, మాంసం కొట్టే మొద్దుకు చింత చేవ. ఎమ్మిగనూరు, చుట్టుపక్కల ఊళ్ళ నేతగాళ్ళ గుంతమగ్గాలకు కర్ర చట్రాలు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టినప్పుడు దాని వెనక వందలాది ఇళ్ళ మగ్గాలు ఉన్నాయి, ఆ మగ్గాల వెనక ఊరి వడ్రంగులు ఉన్నారు.

చెట్టును ఎంచడం వడ్రంగి పని. కొట్టడం కూలి పని. ఈ రెండూ విడిగా ఉన్నా ఇద్దరూ చెట్టు కిందే కలిసేవాళ్ళు. తుమ్మ మాను మీద గొడ్డలి మడమతో కొట్టి, మోగే తీరును బట్టి లోపల డొల్ల ఉందో లేదో పసిగట్టేవాళ్ళు. వంపు తిరిగిన కొమ్మ కనిపిస్తే దాన్ని పొట్టిగా నరకకుండా మడకకు పనికొచ్చేలా వదిలేవాళ్ళు. సుగ్గి అయిపోయాక, ఎండలు ముదరక ముందు, ఆకు రాలే రోజుల్లో కొట్టడం వాడుక. చాలా ఊళ్ళలో అమావాస్య దగ్గరపడ్డప్పుడు కొడితే కర్ర పుచ్చిపోదన్న నమ్మకం ఉంది. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా కాలం సంగతి మాత్రం నిజం. కర్రలో పిండిపదార్థం ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని తినే పురుగులు చేరతాయి. వెదురు విషయంలో అటవీ శాస్త్రం దీన్ని బాగా రుజువు చేసింది. కొట్టిన తుమ్మ మొద్దులను నెలల తరబడి చెరువులోనో కుంటలోనో నానబెట్టడం ఇందులో రెండో మెట్టు. పస అంతా నీళ్ళలోకి దిగిపోయాక, నీడన ఆరబెట్టి, అప్పుడు బాడిశ పట్టేవాళ్ళు. ఇవాళ ఇంటికి తెచ్చిన మంచం కోడు రెండేళ్ళకే పిండి రాలుస్తుంటే తప్పు కర్రది కాదు. పచ్చి కర్రను కోసి వారంలో రంగు వేసిన తొందరది.

ఇక పనిముట్ల సంగతి. గొడ్డలి ఊరి కమ్మరి కొలిమిలో పుట్టిన వస్తువు. మెత్తటి ఇనుమును వంచి కన్ను తీసి, మొనకు ఉక్కు ముక్క అతికి, ఎర్రగా కాల్చి నీళ్ళు పట్టేవాళ్ళు. నీళ్ళు ఎక్కువ పడితే మొన పెళుసై తుమ్మ చేవ మీద పెచ్చు లేస్తుంది. తక్కువైతే వంగిపోతుంది. ఒక కమ్మరి మంచివాడా కాదా అన్నది చింత మొద్దు మీద తేలేది. కట్టెలు చీల్చే గండ్రగొడ్డలికి బరువైన, లావైన తల. నిలువు చెట్టు కొట్టేదానికి పల్చటి, వెడల్పు మొన. కామకు తుమ్మ, చండ్ర లాంటి కర్రలో నార నిలువుగా పోయిన చీలికనే తీసుకునేవాళ్ళు. ముడి ఉన్న కామ ఏదో ఒకరోజు చేతిలో విరుగుతుంది, తల ఎగిరి పక్కవాడి కాలి మీద పడుతుంది. వేసవిలో కర్ర ఎండి కామ వదులైతే గొడ్డలిని రాత్రి నీళ్ళలో నానవేసి పొద్దున పనికి తీసుకెళ్ళేవాళ్ళు.

గొడ్డలి పని చూడ్డానికి బలం పని. నిజానికి అది కోణాల పని. చెట్టు ఎటు పడాలో అటు వైపు ముందు గాటు పెడతారు. పై నుంచి ఏటవాలుగా ఒక దెబ్బ, కింద అడ్డంగా ఒక దెబ్బ, మధ్య ముక్క ఎగిరిపోవాలి. మానులో మూడో వంతు దాకా అలా తిన్నాక రెండో వైపు కాస్త ఎత్తులో వెనక గాటు మొదలుపెడతారు. రెండు గాట్ల నడుమ కోయకుండా మిగిలిన చెక్కే చెట్టును పట్టి తిప్పుతుంది. తలుపుకు మడతబందు ఎలాగో పడే చెట్టుకు అది అలాగ. కొమ్మల బరువు ఒక పక్కకు లాగుతుంటే మోకు కట్టి రెండో పక్కకు ఇద్దరు ముగ్గురు లాగేవాళ్ళు. ఊరి నడుమ, ఇళ్ళ మీదికి వాలిన చెట్టయితే ముందు మనిషి పైకెక్కి కొమ్మలు ఒక్కొక్కటే దించి, చివరికి మోడును కొట్టేవాళ్ళు. పూర్తి పొడవు దూలం కావాలంటే చుట్టూ మట్టి తవ్వి, గడ్డపారతో రాళ్ళు తీసి, వేర్లు నరికి చెట్టును వేళ్ళతోనే పడేసేవాళ్ళు. మొదలు దగ్గరి రెండడుగుల చేవ కూడా వృథా పోకూడదన్న పట్టుదల అది.

పడ్డ మానును దూలంగా, చెక్కగా మార్చేది రంపపు కోత. మొద్దును గోతి మీదనో, కర్ర దిమ్మెల మీదనో ఎత్తి కట్టి, నూలు దారాన్ని ఎర్రమన్ను నీళ్ళలోనో బొగ్గు నీళ్ళలోనో ముంచి లాగి వదిలితే గీత పడుతుంది. ఒకడు పైన నిలబడతాడు, ఒకడు కింద. పైవాడు గీతను చూస్తూ రంపాన్ని నడిపిస్తాడు, కిందవాడు లాగుతాడు. పొట్టంతా కిందవాడి కళ్ళలో, ముక్కులో. తలకు గుడ్డ చుట్టుకుని, కళ్ళు సగం మూసుకుని రోజంతా అలా లాగేవాళ్ళు. రంపం పళ్ళను ఆకురాయితో పదును పెట్టి, ఒక పన్ను కుడికీ ఒకటి ఎడమకూ వంచడం ఆ పనిలో అన్నిటికన్నా నేర్పు కావాల్సిన భాగం. వంపు తక్కువైతే పచ్చి కర్రలో రంపం ఇరుక్కుంటుంది, ఎక్కువైతే చెక్క పొట్టుగా మారిపోతుంది. కోత తెరవడానికి వెనక చీలలు పెట్టి గూటంతో కొట్టడం కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఆ చీల సంగతి మళ్ళీ మిషన్ దగ్గర చెప్పుకోవాలి.

నిలువు చెట్టును ఇద్దరు పట్టి లాగే పెద్ద రంపంతో కోయడం మాత్రం మన ఊళ్ళకు అంతగా అలవాటు కాలేదు. అమెరికా పశ్చిమ తీరంలో, స్వీడన్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గొడ్డలి ముందు గాటుకే మిగిలి, వెనక కోత మొత్తం రంపానికి పోయింది. మన దేశంలో అటవీ శాఖ దశాబ్దాల పాటు దీన్ని ప్రచారం చేసింది. గొడ్డలితో లావు మానును పడేస్తే గాటు తినే కలప చాలా ఎక్కువ, రంపం ఒక సన్నటి గీత మాత్రమే తింటుందని వాళ్ళ వాదన. సర్కారు కూపుల్లో అది కొంత నడిచింది. పల్లెల్లో నడవకపోవడానికి కారణం సోమరితనం కాదు. ఒక కుటుంబానికి అలాంటి చెట్టు ఏడాదికి ఒకటో రెండో, అది కూడా ముళ్ళతో, వంకరతో. అందుకోసం ఇద్దరు మనుషుల పొడవున్న రంపం కొని దాచుకునేవాళ్ళు ఎవరు?

రైలు వచ్చాక లెక్క మారింది. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా సాగిన లైను 1871లో రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. మద్రాసు రైల్వే తొలి దశాబ్దాల్లో ఇంజన్లకు బొగ్గు కన్నా కట్టెలే ఎక్కువ కాల్చింది. 1856లో మద్రాసు రాజధానికి అడవుల కన్జర్వేటరుగా చేరిన హ్యూ క్లెగ్‌హార్న్ 1861లో అచ్చువేసిన పుస్తకంలో రైల్వే కట్టెల ఆకలి గురించి గట్టిగానే హెచ్చరించాడు. రైలు దారికి కిందా ఇంజనులోనూ కలపే. ఆ వెంటనే 1876–78 కరువు. బళ్ళారి, కర్నూలు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి గుట్టల మీది పొదలు కూడా సర్కారు గీతల్లోకి వెళ్ళాయి. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలయ్యాక, రైళ్ళకు బొగ్గు అందే కొద్దీ, కట్టెల ఒత్తిడి తగ్గుతూ వచ్చింది.

ఆ కరువు రోజుల్లోనే ఈ నేల రూపు మార్చిన మరో పని జరిగింది. కట్టెల కరువు తీర్చడానికి మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడోమ్ బయటి దేశపు విత్తనాలు అడిగాడు. కడప జిల్లా కమలాపురం దగ్గర 1877 ప్రాంతంలో ఆ మొక్కలు నాటారు. అదే సర్కారు కంప. మన పడమటి పల్లెల్లో సీమజాలి అని కూడా అంటారు. మేకలు కాయ తిని గింజను ఊరూరా మోశాయి. ఇవాళ ఆదోని నుంచి కోసిగి దాకా ఏ వంక చూసినా, ఏ బీడు చూసినా అదే. తుమ్మకు ఒక మాను ఉంటుంది, కంపకు మొదట్లోనే అయిదారు కాండాలు. తుమ్మను కొడితే ఒక దూలం వస్తుంది. కంపను కొడితే వంకర ముక్కలు, ముళ్ళు, మళ్ళీ ఏడాదికి మొదట్లోంచి రెట్టింపు పిలకలు. దీంతో పని తీరే మారింది. చెట్టు ఎంచడం, దిక్కు చూడడం పోయి, కంప కొట్టి, మోపులు కట్టి, బొగ్గు బట్టీ పెట్టడం వచ్చింది. అందుకు పెద్ద గొడ్డలి కన్నా మచ్చుకత్తి, పొడుగు కామ కొడవలి, ముళ్ళను నెట్టే పంగలకర్ర ముఖ్యమయ్యాయి. పచ్చి కంప మొద్దు ఘనమీటరుకు టన్ను దగ్గర తూగుతుంది, అంత బరువు. మండితే నిలకడగా మండుతుంది. కూలి దొరకని ఎండాకాలాల్లో, గుంటూరు మిరప చేలకు వలస పోలేని ముసలివాళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళకు పొయ్యి వెలిగించిందీ నాలుగు రూపాయలు ఇచ్చిందీ ఈ కంపే. దాన్ని పూర్తిగా పీకెయ్యాలని వాదించేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీళ్ళు తాగేస్తుంది, గడ్డిని బతకనివ్వదు అన్న వాదన నిజమే. అయినా దానికి బదులు ఏ కట్టె ఇస్తామో చెప్పకుండా జేసీబీ దించడం న్యాయం కాదు.

గొలుసు రంపం కథ జర్మనీలో మొదలైంది. ఆండ్రియాస్ స్టిల్ 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం చేశాడు. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ తురింగియాలోని డోల్మార్ కొండ మీద పెట్రోలు రంపాన్ని నడిపి చూపించాడు. 1929లో స్టిల్ పెట్రోలు మిషన్ వచ్చింది. ఇవన్నీ యాభై కిలోల చుట్టూ ఉండే బరువులు. రెండు చివర్లా ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవవు. ఒక్క మనిషి మోయగలిగిన స్టిల్ మిషన్ 1950లో వచ్చింది, దాని బరువు పదహారు కిలోలు. ఇంజను తేలికయినా గొలుసు మాత్రం అప్పటికింకా పాత అడ్డ రంపం పళ్ళ వరసే. తరచూ మొద్దుబారేది, పదును పెట్టడమే పెద్ద పని. దీన్ని మార్చింది అమెరికాలో ఒరెగాన్ ప్రాంతపు జోసెఫ్ కాక్స్. 1946లో ఒక చెట్టు మోడులో పురుగు పిల్ల కర్రను నిలువునా అడ్డంగా తేడా లేకుండా తొలుచుకుపోవడం చూసి, దాని దవడల ఆకారంలో గొలుసు పన్ను చేశాడు. 1947లో పోర్ట్‌లాండ్‌లో దాన్ని తయారుచేసే కంపెనీ పెట్టాడు. ఇవాళ ఎమ్మిగనూరు సామిల్లు పక్కన కొట్లో వేలాడే గొలుసు కూడా ఆ పన్ను వంశానిదే. తర్వాతి ముప్పై ఏళ్ళ మార్పులు ఎక్కువగా మనిషి ఒంటిని కాపాడడానికి వచ్చినవి. 1960 దశకంలో అదురు తగ్గించే పిడులు, 1970 దశకం మొదట్లో గొలుసును క్షణంలో ఆపే బ్రేకు.

ఆ మార్పులు ఊరికే రాలేదు. జపాన్ ప్రభుత్వ అడవుల్లో మిషన్ పట్టిన కూలీల వేళ్ళు తెల్లబడి, మొద్దుబారి, చలికి నొప్పులు పుట్టడం 1960 దశకంలో పెద్ద సమస్యయింది. చివరికి అక్కడ మిషన్ పట్టే సమయాన్ని రోజుకు రెండు గంటలకు కుదించారు. చెవి దగ్గర వంద డెసిబెల్స్ దాటే శబ్దం, సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో తిరిగే గొలుసు. గొలుసు తిరిగే పొడుగు పట్టీ, అంటే బారు, దాని ముక్కు పైభాగం ఏ కొమ్మకైనా తగిలితే మిషన్ మొత్తం మనిషి ముఖం మీదికి ఎగదన్నుతుంది. రెప్ప వేసే లోపు జరిగిపోయే పని అది, చేతిబలం అక్కడ పనికిరాదు. అందుకే ఆ దేశాల్లో మిషన్‌తో పాటు ఒక సామాను కట్ట పుట్టింది. ముఖానికి జాలీ, చెవులకు మూతలు ఉన్న టోపీ. గొలుసు తగిలితే పొడవాటి పోగులు ఊడివచ్చి చక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేసే కాలి తొడుగు. ఉక్కు ముక్కు బూట్లు. ఇరుక్కోకుండా ప్లాస్టిక్ చీలలు, మానును దొర్లించే కొక్కెం కర్ర. 1998లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అటవీ పనికి ప్రచురించిన భద్రతా నియమావళిలో ఇవన్నీ ఉన్నాయి. స్వీడన్‌లో 2015 నుంచి ఉద్యోగంగా ఈ రంపం పట్టాలంటే పరీక్ష పాసైన కార్డు ఉండాలి.

మన దగ్గరికి వచ్చిందేమిటి? గత రెండు దశాబ్దాల్లో ధర తగ్గిపోయి, పది వేల రూపాయల లోపే యాభై ఎనిమిది సీసీ మిషన్ కొరియర్‌లో ఇంటికి వస్తోంది. మిషనూ, బారూ, గొలుసూ, ఒక ఆకురాయీ. ఆ కట్టలో టోపీ ఉండదు, కాలి తొడుగు ఉండదు. లుంగీ పైకి కట్టి, రబ్బరు చెప్పులతో, తువ్వాలు తలకు చుట్టుకుని పని చేసే కుర్రవాళ్ళను ఆదోని చుట్టూ ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు. లుంగీ గొలుసుకు చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చెట్టెక్కి, ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని కుడిచేత్తో మిషన్ నడపడం ఇంకా ఘోరం. ఒంటి చేత్తో పట్టినప్పుడు ఎగదన్నుడును ఆపేది ఏదీ లేదు. గొలుసుకు పోయాల్సిన నూనె బదులు వాడేసిన ఇంజన్ నూనె పోస్తారు, అది ముఖం మీద తుంపరగా పడుతుంది. పెట్రోలులో రెండు స్ట్రోకుల నూనె కొలత తప్పి ఇంజను పట్టేస్తే నష్టం డబ్బే. పాడైన బ్రేకును పీకి పారేసి నడపడం అలా కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

చింత, తుమ్మ లాంటి గట్టి కర్ర మీద గొలుసు త్వరగా మొద్దుబారుతుంది. మొద్దు గొలుసుతో బలంగా నొక్కడం మొదలుపెట్టగానే ప్రమాదం రెట్టింపవుతుంది. పాత కోతగాడు పన్ను చూసి రంపం ఆపేవాడు. పొడుగు పొట్టుకు బదులు సన్నటి దుమ్ము రాలుతుంటే పదును పోయినట్టేనని మిషన్ పట్టిన కుర్రవాడికి ఎవరో ఒకరు చెప్పాలి. చీల సంగతీ ఇంతే. వెనక కోతలో మిషన్ బారు ఇరుక్కున్నప్పుడు పాత గూటం, చీలలే దాన్ని బయటికి తెస్తాయి. ఊళ్ళో రంపపు కోత చూసిన పెద్దలకు ఇది ఇట్టే తెలుసు. మిషన్ పట్టినవాళ్ళలో చాలామంది మాత్రం రెండో మనిషితో మానును నెట్టిస్తారు. ముందు గాటు పెట్టకుండా ఒక్క వైపు నుంచి కోసేయడం, మానులో కోయకుండా ఉంచాల్సిన చెక్కను కూడా తెగ్గొట్టేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అప్పుడు చెట్టు తనకు నచ్చిన వైపు పడుతుంది, లేదా మాను నిలువునా చీలి వెనక్కి లేస్తుంది. గొడ్డలి కాలంలో ఈ తప్పు చెయ్యడం కష్టం. గొడ్డలి నెమ్మది, చెట్టు కదలడం మొదలైంది కనిపిస్తుంది, చిటపటలు వినిపిస్తాయి. మిషన్ మోతలో ఆ చిటపట వినపడదు.

కర్రకు వచ్చిన నష్టం కూడా ఉంది. టన్ను లెక్కన గుత్తకు కొన్నవాళ్ళకు వేప మాను, కంప మాను తూకంలో ఒక్కటే. దూలం కాగలిగిన వేపను మూడడుగుల ముక్కలుగా కోసి లారీకి ఎక్కించడం నేను ఎంతో బాధతో చూసే దృశ్యం. 2021, 2022లో తెలుగు రాష్ట్రాల్లో వేపలు కొనల నుంచి ఎండిపోయాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చిన తెగులు అది. వానలు పడ్డాక చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. ఆలోగా ‘చచ్చిపోయింది’ అనుకుని కోయించినవి కూడా ఉన్నాయి. గొడ్డలితో అయితే ఆ పనికి కూలీలు, రెండు రోజులు, ఒక ఆలోచన కావాలి. ఆ మధ్యలో వాన వచ్చి చెట్టు బతికేది. మిషన్‌కు అరగంట చాలు.

చట్టం ఏం చెబుతుంది? అడవుల్లో నరుకుడు, లైసెన్సు లేని సామిల్లుల మీద గట్టి పట్టు గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో వచ్చింది. మన రాష్ట్రంలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం సొంత పొలంలోని చెట్టు కొట్టడానికీ అనుమతి అడగమంటుంది, బదులు మొక్కలు నాటమంటుంది. నీలగిరి, సుబాబుల్, సరుగుడు లాంటి తోట కలపకు రవాణాలో సడలింపులు ఇచ్చారు, అది సబబే. ఇందులో ఎక్కడా మిషన్ గురించి గానీ, దాన్ని పట్టే మనిషి గురించి గానీ పట్టింపు కనిపించదు. అదే 2002లో ఫిలిప్పీన్స్ గొలుసు రంపాలకే విడిగా చట్టం చేసి, మిషన్ కొనడానికీ వాడడానికీ నమోదు తప్పనిసరి చేసింది. ఆ దారి మనకు పూర్తిగా నప్పదు. అక్కడ అది వానడవిని కాపాడే చట్టం. మన పడమటి మండలాల్లో మిషన్ ఎక్కువగా కోసేది కంపనే, ఆపాల్సిన అవసరం అంతగా లేనిదాన్నే. ఇక్కడ పేదవాడి మిషన్‌ను కాగితాలకు కట్టేస్తే ఫలితం లంచమే. చట్టం చూపు చెట్టు నుంచి చెట్టు కొట్టే మనిషి మీదికి కూడా మళ్ళాలి.

దానికి కొత్త సంస్థలేవీ అక్కర్లేదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఐటీఐలో, వ్యవసాయ శాఖ యంత్రాల శిక్షణలో వారం రోజుల పాఠంగా ఇది సరిపోతుంది. రెండు రోజులు మిషన్ విప్పి బిగించడం, గొలుసు పదును పెట్టడం. మిగతా రోజులు పొలం గట్టు మీది నిజమైన కంప మీద ముందు గాటు, వెనక కోత, చీల, తప్పుకునే దారి. పాఠం చెప్పేవాళ్ళలో ఒక పాత వడ్రంగి ఉండాలి, చేవను ఎలా చూడాలో, మడక వంపును ఎలా వదలాలో చెప్పడానికి. సామాను విషయంలో ఒక చిక్కు ఉంది. ఆ కాలి తొడుగులు చలిదేశాలకు కుట్టినవి. నలభై డిగ్రీలు దాటే ఆదోని ఎండలో అవి వేసుకుని గంట నిలబడలేరు. మే నెలలో పని తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించాలి, తొడుగు ముందు వైపే ఉండి వెనక తెరిచి ఉండే రకం కావాలి. అలాంటిది ప్రపంచంలో ఇప్పటికే ఉంది. నేతకు పేరుపొందిన ఎమ్మిగనూరులో పోగుల గుడ్డను పొరలుగా కుట్టగల చేతులకు కొదవ లేదు. గొలుసును ఆపే సింథటిక్ పోగు తెప్పించి, పరీక్షించి, ఇక్కడే కుట్టించవచ్చు. మిషన్ అమ్మే కొట్టు మిషన్‌తో పాటు ఆ తొడుగును, ఒక జాలీ టోపీని ఇవ్వాలన్న షరతు పెడితే ధర పెరుగుతుంది, నిజమే. టన్ను కంపకు వచ్చే కూలి చూసినవాళ్ళకు ఆ పెరుగుదల బరువే. కాబట్టి అందులో సగం ప్రభుత్వ రాయితీలోంచి రావాలి. డ్రిప్ పైపులకు, స్ప్రేయర్లకు రాయితీ ఇస్తున్నప్పుడు ఇది పెద్ద అడుగుడు కాదు. కరెంటు తీగల కింద చెట్టు కోసేముందు లైను ఆపించే బాధ్యత కోయించుకునే ఇంటి యజమానిది, గుత్తేదారుది అని పంచాయతీ అనుమతి కాగితంలోనే రాయించాలి.